ముసలి దూడకో తాడు

కౌటొకైనో, ఏప్రిల్

అమ్మా, మేమూ మా రెయిన్‌డీర్ల మందా కులాసా. మంచుబండి గురించి బెంగపడకు. నేను పడిపోతే ఊడి ఇంజనును ఆపేసే తాడును నడుముకు కట్టుకునే నడుపుతున్నాను.

"దూడని కట్టేసినట్టు ఏంటమ్మాయ్ ఇది?" అని మామగారు ఐలు రోజూ వెక్కిరించేవారు. మొన్న మందను తోలుతూ ఆయనే తన బండి మీంచి ఎగిరి కింద పడ్డారు. బండి ఒంటరిగా నదివైపు పరుగు! నది మీద గడ్డకట్టిన మంచు ఇప్పటికే పలచబడింది. "ఆగవే తల్లీ!" అంటూ వెనకాల మామగారు. మందంతా నిలబడి చూసింది. బండి ఒడ్డున పొదలో ఇరుక్కుంది కాబట్టి దక్కింది.

బూట్లకు చుట్టే పట్టీలు నేసే ఎర్ర ఊలు కాస్త పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లికి ముద్దులు.

ఊలు ఎందుకంటావా? "ఈ ముసలి దూడకీ ఓ తాడు నేసిపెట్టమ్మాయ్" అన్నారు మామగారు.

నీ రిస్టెన్