సంచులు కుట్టే పని

1957 జూలై, గురువారం రాత్రి
తాడేపల్లిగూడెం

ఫ్లూ వల్ల మూడు వారాలు మూతపడ్డ రైసు మిల్లు ఇవాళ తెరిచారు. జ్వరం ఉన్నవాళ్ళని గేటు దగ్గరే ఆపమని కాంపౌండరునైన నన్ను పెట్టారు. పొద్దున్న అందరి నోట్లో థర్మామీటరు పెట్టి చూశాను. అందరికీ నార్మలే. సంతోషించాను కూడా.

చివర్లో మరియమ్మ వచ్చింది. ఆవిడకీ నార్మలే. తీరా లోపలికి వెళ్ళే చీటీ అందిస్తుంటే వేళ్ళు తగిలాయి, కాలిపోతున్నాయి.

"చన్నీళ్ళు పుక్కిట పట్టి వచ్చానండి," అంది తలొంచుకుని. "పంపేయకండి బాబూ. ఇంట్లో గింజ లేదండి."

లోపలికి పంపలేను. ఇంటికి పొమ్మనడానికి నోరు రాలేదు. మేనేజరు గారిని బతిమాలి, బయట రేకుల షెడ్డులో ఒక్కతే కూర్చుని గోనెసంచులు కుట్టే పని ఇప్పించాను. కూలి అదే. మంచి ఉపాయం తట్టిందనుకున్నాను.

భోజనాల వేళ సూరమ్మ వచ్చి, "కాంపౌండరు గారూ, మాకూ ఆ సంచుల పనే ఇప్పించరా అండీ?" అంది. వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఎందుకని అడగబోయి, ఆవిడ నుదురు ముట్టుకున్నాను.

నలుగురికీ జ్వరమే. పొద్దున్న నార్మల్ అని రాసి నేను లోపలికి పంపినవాళ్ళే!

వాళ్ళనీ షెడ్డులో దూరదూరంగా కూర్చోబెట్టాను. మిల్లు ఆపుదామంటే మేనేజరు గారు, "రేపు చూద్దామండి," అన్నారు.

ఈ నలుగురూ ధైర్యం చేసి అడిగారు. అడగనివాళ్ళు ఎంతమందో. రేపు అందరినీ నోట్లో చన్నీళ్ళ చల్లదనం పోయేలా పావుగంట ఊరికే కూర్చోబెట్టాకే థర్మామీటరు పెడతాను. కానీ ఇవాళ లోపల జ్వరం ఉన్నవాళ్ళ పక్కన పనిచేసినవాళ్ళు ఈపాటికి పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకుని ఉంటారు.