ఒక రోజు ముందు కట్టిన బోర్డు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలమ్మకు, మామయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా తింటున్నాం, తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ బాబూ మీ అమ్మానాన్నలూ క్షేమమని తలుస్తాను. సౌభాగ్యవతి అని అలవాటుకొద్దీ రాసేశాను. కొట్టేద్దామంటే చెయ్యి రాలేదు. వాడు లేడని ఇంతవరకూ ఏ శాఖా చెప్పలేదు కదమ్మా.

బాబుకి పళ్లొస్తున్నాయని రాశావు. మీ అత్తయ్య ఆ ముక్క నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. రాత్రిళ్లు ఏడిస్తే కంగారు పడొద్దంటోంది, వాళ్ల నాన్న కూడా అలాగే ఇల్లు పీకి పందిరేసేవాడట. నా మోకాలి సంగతి అడిగావు. నిచ్చెన ఎక్కినప్పుడే అది గుర్తొస్తుంది.

"ఇంతకీ ఆయన ఏ శాఖ మనిషి మామయ్యా?" అని అడిగావు. ఇన్నేళ్లుగా ప్రభుత్వానికి బోర్డులు రాస్తున్నవాణ్ణి, తెలియదంటే నవ్విపోతారు. పోలీసులు, సరిహద్దు కాపలావాళ్లు, దేశం లోపలి నిఘావాళ్లు హోం శాఖ కింద. సైన్యం, నౌకాదళం, విమానదళం రక్షణ శాఖ కింద. బయటి దేశాల గుట్టుమట్లు కనిపెట్టేవాళ్లు నేరుగా ప్రధానమంత్రి కింద. వాళ్లకు బోర్డే ఉండదు, వాళ్లవల్ల నాకు ఏనాడూ ఒక డబ్బా రంగు ఖర్చు కాలేదు. మనవాడి రేవు గస్తీ దళం మొదటినుంచీ హోం శాఖది. దాన్ని రక్షణ శాఖకు మార్చారు. ఆ మార్పు జరుగుతుండగానే గాలివానలో వాడి పడవ మునిగింది.

హోం శాఖ గుమాస్తా మర్యాదగా కుర్చీ వేశాడు. "అప్పటికే అప్పజెప్పేశామండీ, మావాడు కాదు" అన్నాడు. రక్షణ శాఖలో అడిగితే, "ఆర్డరు అమల్లోకొచ్చింది మర్నాడండీ, ఆ రోజుకింకా మావాడు కాలేదు" అన్నారు. శాఖలన్నిటినీ కలిపి చూసేది జాతీయ భద్రతా మండలి అంటే అక్కడికీ వెళ్లాను. వాళ్లు సలహాలే ఇస్తారట, మనుషులతో వాళ్లకు పని లేదట. డ్యూటీలో పోయాడని ఒక్క మాట అనమంటే ఇన్ని మేడలు ఎక్కించి దింపారు తల్లీ. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను.

ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి. అప్పజెప్పేశామనడానికి హోం శాఖ సాక్ష్యంగా చూపించేది ఏమిటో తెలుసా? రేవు గేటు మీద నేను రక్షణ శాఖ పేరుతో రాసి కట్టిన కొత్త బోర్డు. ఆర్డరు ప్రకారం దాన్ని పడవ మునిగిన మర్నాడు కట్టాలి. వాడొచ్చి, "నాన్నా, ఇవాళే కట్టెయ్. పడవెక్కేముందు చూసుకుంటా" అన్నాడు.

"రూలు ఒప్పుకోదురా" అన్నాను.

"నీ బోర్డు కింద నిలబడి ఫొటో దిగి నీ కోడలికి పంపాలి నాన్నా" అంటూ నిచ్చెన తనే మోసుకొచ్చాడు. రంగు సరిగ్గా ఆరనే లేదు. పైకెత్తి పట్టుకున్నప్పుడు వాడి భుజానికి తెల్లగా అంటుకుంది, ఫొటోలో చూసే ఉంటావు.

మొన్న రక్షణ శాఖ అధికారి నన్ను పక్కకి పిలిచాడు. "బోర్డు మర్నాడే కట్టానని రాసివ్వండి పెద్దాయనా. హోం వాళ్లు ఒప్పుకుని తీరాలి, మీవాడికి దక్కాల్సిన గౌరవం దక్కుతుంది. కాకపోతే ఆ రోజు తీసిన ఫొటో గట్రా ఉంటే చెరిపేయించండి" అన్నాడు. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

పెట్టలేకపోయానమ్మా. సంతకానికి వంగేసరికి వాడు బోర్డు కింద నవ్వుతూ కనిపించాడు. వాడు ఆఖరిసారి నవ్వింది అక్కడే. ఆ నవ్వు లేదని ఎలా రాసివ్వను? పెన్ను బల్లమీదే వదిలేసి వచ్చాను. నీకూ బాబుకీ దక్కాల్సిన మాటను చేతులారా పోగొట్టాను. తిట్టు, పడతాను. మీ అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

ఆ ఫొటో జాగ్రత్తమ్మా. బాబు పెద్దయ్యాక, మీ నాన్న ఏ శాఖలో చేసేవాడని ఎవరైనా అడిగితే అది చూపించమను. పైన ఉన్నది వాళ్ల తాత రాత, కింద నవ్వుతున్నది వాళ్ల నాన్న.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే ఉండే
మామయ్య