గీజర్ స్విచ్ నొక్కకండి

ఏవండీ,

బాత్‌రూమ్ లైటు వేసేటప్పుడు చలికాలం అలవాటుకొద్దీ గీజర్ స్విచ్ కూడా నొక్కేయకండి. కింద జాయింటు కారుతోందని వాల్వు కట్టేసి నీళ్ళన్నీ తీసేశాను. ఖాళీ గీజర్ వేస్తే కాయిల్ మాడిపోతుంది. బిల్డింగ్ కాపలా చూసే హారిస్ ‘బుక్రా, బుక్రా’ అంటూ రేపటికి నెట్టడమే తప్ప పైకి రావడం లేదు. ఇంక అతన్ని పిలవను. హవల్లీ బజారులో వాషర్ కొనుక్కొచ్చి సాయంత్రం నేనే వేస్తాను. నాకు చెప్పలేదేం అనకండి, వారం నుంచీ చెబుతూనే ఉన్నాను.

డ్యూటీ నుంచి రాగానే కుళాయి కింద తల పెట్టకండి. మేడమీద ట్యాంకు ఈ ఎడారి ఎండకి కాగిపోతోంది. వేసవంతా ఆపేసి, ఇంట్లో నీడన ఉండే గీజర్లోవేగా మన చల్లనీళ్ళు!

దుర్గ

అన్నట్టు, గీజర్లోంచి తీసిన నీళ్ళు బకెట్లో పట్టి మూత పెట్టాను. అవి మీకే. నేను కుళాయి నీళ్ళతోనే కానిచ్చాను, వీపు ఇంకా మండుతోంది.