తెప్పలరేవు ఎక్కడిది?

మామ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉదయం జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన తెప్పలరేవు ఏ రికార్డులోనూ లేదు కదా, ఇన్నాళ్లూ ప్రతి కాగితంలో పక్కూరి పేరే రాసుకున్నాం. ఇవాళ ఊళ్లు నమోదు చేసే సర్వే అధికారి వచ్చి, "ఇక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారు?" అని అడిగాడు. మగాళ్లు తలో మాటా చెప్పారు. నేను ఇంట్లోకి పరిగెత్తి నా నోటుబుక్కు తెచ్చాను. నువ్వు వల బాగుచేస్తూ చెప్పినవన్నీ అందులో రాసుకున్నాను. సముద్రం పాత ఊరిని కోసేస్తే ఐదు కుటుంబాలు తెప్పల మీద ఈ ఒడ్డుకు చేరాయని, ఇక్కడ పుట్టిన మొదటి బిడ్డవి నువ్వేనని, ఇక్కడినుంచే పూర్ణా మార్కెట్‌కు చేపల గంప మోశావని చదివి వినిపించాను.

సూరయ్య చిన్నాన్నకు నమ్మకం కుదరలేదు. "సదువులేని ముసల్ది సెప్పింది రాత్తారేటి బాబూ?" అన్నాడు.

"రాయడానికే వచ్చానండీ," అన్నాడు అధికారి. ఊరి పేరు దగ్గర తెప్పలరేవు అని రాశాడు. చిన్నాన్న కండువాతో కళ్లు తుడుచుకుంటూ, "మళ్లీ ఓపాలి సదవండి బాబూ," అన్నాడు. ఆయన చదివాడు.

తర్వాత తలెత్తి, "వివరాలు చెప్పినవారి పేరు?" అని అడిగాడు.

నేను నీ పేరు చెప్పాను.