నచ్చలేదని రాసిన ఇళ్ళు

ప్రభువునందు ప్రియమైన శారోనుకు వందనాలు.

దేవుని కృప వల్ల ఇక్కడ అమ్మ, అక్షయ, నేను క్షేమంగానే ఉన్నాం. మస్కట్‌లో నీకు ఆసుపత్రి డ్యూటీల ఒత్తిడి కాస్త తగ్గి, వేళకు నిద్ర పడుతోందని అనుకుంటున్నాను. నీతో పనిచేసే సత్యవాణి గారు సెలవు ముగించుకుని శుక్రవారం బయలుదేరుతున్నారు. ఆవిడ చేత నువ్వు పంపిన ఉత్తరం, ఖర్జూరం, అక్షయ బ్యాగు అన్నీ అందాయి. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళకు ఉత్తరాలెందుకని ఆవిడ నవ్వారు. ఫోన్లో నా పక్కన అమ్మ ఉంటుంది, అమ్మ పక్కన అక్షయ ఉంటుంది, నీ పక్కన రూములో వాళ్ళందరూ ఉంటారు. మొగుడూ పెళ్ళాం తిట్టుకోవాలన్నా మనకు ఉత్తరమే గతి. నువ్వు ఆ పని బాగానే చేశావు. నేను స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాళ్ళకు నువ్వు చెప్పిన మందు పని చేస్తోంది గానీ, కొబ్బరినూనె కర్పూరం వల్లే తగ్గిందని ఆవిడ వాదన. అక్షయ లెక్కల్లో కాస్త నిలదొక్కుకుంది. పేటలోకి నీళ్ళు వచ్చాయా అని అడిగావు. వచ్చాయి. ఈసారి గోదారి మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది, పొయ్యి తడవలేదు. బీరువా కింద పెట్టిన ఇటుకలు మాత్రం ఇంకా తీయలేదు. మళ్ళీ పెట్టాల్సిందే కదా అని బద్ధకించాను.

మీ అత్తగారి టీవీ గోల తగ్గిందా అన్నావు. తగ్గడమేమిటి, ముదిరింది. సాయంత్రం ప్రార్థన అవగానే ఆ ఇళ్ళు కొనే కార్యక్రమం పెట్టాల్సిందే. ఎక్కడో విదేశాల్లో ఒక జంట వస్తుంది, వాళ్ళకు మూడు ఇళ్ళు చూపిస్తారు, అందరికీ తెలుగు గొంతులు అతికిస్తారు. మొన్న ఒకావిడ మేడంతా తిరిగి, పెరడు చూసి, అంతా బాగుందంటూనే వంటింటి గట్టు రంగు దగ్గర మొహం చిట్లించింది. ఇంకో ఇంట్లో బట్టలు పెట్టుకునే గది చిన్నదట. ఆ గది మన హాలంత ఉంది. అమ్మ ఊరుకుంటుందా?

"నీ మొహం మండా! కుళాయి తిప్పితే నీళ్ళొత్తన్నాయి, వరదొత్తే బీరువా ఎత్తక్కర్లేదు, ఇంకేం గావాలే నీకు?" అని లేచి నిలబడింది.

"నానమ్మా, ఆవిడకి వినపడదు" అంది అక్షయ.

"వినపడకపోతే మానె. నా నోరు ఊరుకోదు" అని, వెంటనే "ప్రభువా, క్షమించు" అంటూ కూర్చుంది.

నేనూ తక్కువ తినలేదులే. అమ్మతో కలిసి చాలా రోజులు తిట్టాను. మీ రూములోనూ డ్యూటీ దిగాక అదే చూస్తారని, అదే పని చేస్తారని నువ్వు రాస్తే ముచ్చటేసింది. సముద్రం అవతల నువ్వూ, ఇవతల మీ అత్తగారూ ఒకే మనిషిని తిట్టుకుంటున్నారన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్విలా రాశావు: "ఇక్కడ మేమంతా ఆ దొరసానుల్ని తిట్టుకుంటుంటే, నా మొగుడు వాళ్ళని మించిపోయాడని ఎవరితో చెప్పుకోనండీ? ఒక ఇంటికి వంటిల్లు ఇరుకు. ఒక ఇంటికి బోరు నీళ్ళు ఉప్పన. ఒక ఇంటికి మెట్లు నిటారు. ఇంకో ఇంటికి వీధిపోటు. ప్రార్థన చేసుకునేవాళ్ళకి వీధిపోటు ఏమిటండీ? మా నాన్న వింటే పడీ పడీ నవ్వుతాడు." అక్కడిదాకా నేనూ నవ్వుకున్నాను. ఆ కింద రాసిన మాట చదివాకే నవ్వు పోయింది. "అసలు మీకు అమలాపురంలో ఇల్లు కొనడం ఇష్టం లేదా, నేను తిరిగి రావడం ఇష్టం లేదా?" అన్నావు.

శారోన్, ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నిన్ను ఆ అనుమానంతో అక్కడ ఉంచడం కన్నా నిజం చెప్పడమే నయం.

నేను రాసిన వంకలన్నీ అబద్ధాలు. చూసిన ఇళ్ళలో నాకు నచ్చనిది ఒక్కటీ లేదు. నేనే వాళ్ళకు నచ్చలేదు.

వంటిల్లు ఇరుకని రాసింది నరసింహమూర్తి గారి ఇల్లు. ఆ వంటింట్లో నువ్వూ అమ్మా అక్షయా ఒకరికొకరు తగలకుండా వండుకోవచ్చు. మొదటి రోజు ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. మాటల్లో ఆయన, "తమరిది ఊళ్ళో ఎక్కడండీ మాస్టారూ?" అని అడిగారు. మన పేట పేరు చెప్పాను. దాచాలని అప్పటికి తోచలేదు. కొనడానికి వెళ్ళినవాడిని, దేనికి భయపడాలి? మర్నాడు వెళితే లోపలికి పిలవలేదు. పెరట్లో కుర్చీ వేయించి, లేత బొండం కొట్టించి ఇచ్చారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. నాకైతే ఏ పట్టింపూ లేదండీ. ఇరుగూ పొరుగూ ఏవంటారోనని మా ఆవిడ బెంగ పెట్టుకుందండీ. తమరు చదువుకున్నవారు, తమకు నేను చెప్పాలాండీ?"

"ఆయ్" అన్నాను.

బొండం తియ్యగా ఉంది. ఎంత మర్యాదస్తులో అనుకుంటూ తాగాను కూడా. ఉప్పునీళ్ళని రాసిన ఇంట్లో కూడా పేట పేరు చెప్పాక నాకు బొండమే వచ్చింది. అప్పుడు బుర్రకెక్కింది. తాగిన బొండం దిబ్బ మీద పారేస్తే సరిపోతుంది, గ్లాసైతే మళ్ళీ ఇంట్లోకి తీసుకెళ్ళాలి.

మెట్ల ఇంటాయన, అబ్బాయి ఒప్పుకోవడం లేదన్నాడు. వీధిపోటని రాసిన ఇంటాయన అసలు అమ్మకమే మానుకున్నానన్నాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే వేరేవాళ్ళకు అమ్మాడు. ఒక్కరూ కసరలేదు. కసిరితే దెబ్బలాడేవాడిని. అండీ అండీ అంటూ చేతులు జోడించేవాళ్ళతో ఏమని దెబ్బలాడను? నేను కూడా చేతులు జోడించి వచ్చేశాను. పొద్దున ఎనిమిదో తరగతికి సమానత్వం పాఠం చెబుతాను, సాయంత్రం ఇలా ఆయ్ అనుకుంటూ తిరుగుతాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నాతో ఒక్క మాట చెప్పకూడదా అంటావు. పరాయి దేశంలో పండగా పబ్బం లేకుండా రోగుల మంచాల చుట్టూ తిరిగి నువ్వు కూడబెట్టిన డబ్బు, మన కోనసీమలోనే చెల్లడం లేదని ఎలా రాయను? దానికన్నా వంకలు పెట్టే మొగుడు అనిపించుకోవడమే తేలికనిపించింది. వంకలకు కొదవేముంది, రోజూ టీవీలో చెబుతూనే ఉన్నారు. వీధిపోటు ఒక్కటే నా సొంతం.

ఇప్పుడా కార్యక్రమం నేను చూడలేకపోతున్నాను. అమ్మకు కోపం వాళ్ళు రంగు నచ్చలేదన్నందుకు. నాకు ఆ కోపం పోయింది. ఆ మూడు ఇళ్ళలో ఏ ఒక్కరూ వాళ్ళను మీదెక్కడ, మీవాళ్ళెవరు అని అడగరు. వాళ్ళు ఇంటిని అడుగుతారు గానీ ఇల్లు వాళ్ళను అడగదు. పరాయి గుమ్మంలో నిలబడి అంత ధీమాగా నచ్చలేదు అనడం చూస్తే నాకు ఏడుపొస్తోంది. మొన్న మధ్యలోనే టీవీ కట్టేశాను. ఆ దొరసానికి పడాల్సిన తిట్లు అమ్మ నాకు పెట్టింది. ఆవిడకు ఇవేమీ తెలియవు. కొడుక్కి ఏ ఇల్లూ ఆనడం లేదని చర్చిలో కూడా చెప్పుకుంటోంది.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ దాన్ని రాయలేకే మిగతావన్నీ రాశాను.

మన బ్రోకరు సాయిబాబు మంచివాడే. నా మొహం చూసి జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు. "మాస్టారూ, తమరు ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. ఈసారి పాపగారిని తీసుకురండీ. నుదుటి మీద చిన్న స్టిక్కరు పెట్టించండీ. మనం అబద్ధం ఆడక్కర్లేదండీ, వాళ్ళే అనుకుంటారండీ. తమరు పేట ఊసెత్తకండి, రాజోలులో మాస్టారని నేను చెబుతాను."

నేను ఫ్యాన్సీ షాపులో స్టిక్కర్లు కొన్నాను. ఎందుకో చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే అక్షయ అడగనే లేదు. బండి అద్దంలో చూసి పెట్టుకుని, "మధ్యలోనే ఉందా నాన్నా?" అంది అంతే. అంటే దానికి అంతా తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు.

ఆ ఇల్లు కాంతం గారిది. ఒంటరి మనిషి, కొడుకు దగ్గరకు వెళ్ళిపోతున్నారు. ఆవిడ చెడ్డ మనిషైనా బాగుండేది. అక్షయను వంటింట్లోకి తీసుకెళ్ళి, తన పక్కన కూర్చోబెట్టుకుని, పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కబుట్టలు పెట్టి, కొబ్బరి పచ్చడి వేశారు. నాకు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. "ఇంత లక్షణంగా ఉన్న పిల్ల తిరిగే ఇల్లంటే ఇంకేం కావాలండీ" అన్నారు. ధర దగ్గర కూడా బెట్టు చేయలేదు. తర్వాత, "మీ ఆవిడ పేరేంటండీ?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు సాయిబాబు అందుకున్నాడు. "శారద గారండీ."

కాంతం గారు నా వైపు చూశారు. అక్షయ కూడా ముద్ద చేతిలో పట్టుకుని నా వైపే చూసింది.

"ఆయ్" అన్నాను.

నీ డబ్బుతో నీకోసం ఇల్లు చూడటానికి వెళ్ళి, నీ పేరు ఆ గుమ్మం బయట వదిలేసి వచ్చాను శారోన్. నిన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఇల్లు మాత్రం దొరికింది. వరద రాదు, కుళాయి ఉంది, కాలేజీ దగ్గర. సోమవారం బయానా ఇస్తానని చెప్పాను. కొనేశాక ఎవరేం చేస్తారండీ, కాగితం చేతిలో ఉంటుంది కదా అంటాడు సాయిబాబు. ఎవరూ ఏమీ చేయకపోవచ్చు, చూసే చూపు మారుతుంది, అంతే. కానీ రిజిస్ట్రేషన్ నీ పేరు మీదే అని నీకు మాట ఇచ్చాను. అలా పెడితే ఆ రోజే ఆవిడకు తెలిసిపోతుంది, నా పేరు మీద పెట్టేయమని అతని సలహా. నిజం చెబితే మళ్ళీ పెరట్లో కుర్చీ. చెప్పకపోతే ఇల్లు. నాకు ఎటూ తోచడం లేదు. సత్యవాణి గారు వచ్చాక ఇది చదివి, సోమవారం లోపల ఫోన్లో "ఇవ్వండి" అనో "మానేయండి" అనో ఒక్క మాట చెప్పు. అమ్మ పక్కనున్నా ఫర్వాలేదు, ఆ మాటకు అర్థం నాకు ఒక్కడికే తెలుస్తుంది. నువ్వు ఏదంటే అదే చేస్తాను. మానేయమంటే సాయిబాబును నాలుగు తిట్టి, మళ్ళీ మొదటి నుంచి తిరుగుతాను.

ఆ రోజు తిరిగి వస్తూ వంతెన ఎక్కాక, వెనక కూర్చున్న అక్షయ నా భుజం తట్టింది. స్టిక్కరు తీసేసిందేమో అనుకున్నాను. తీయలేదు.

"నాన్నా, నానమ్మ వాకిట్లోంచి 'శారోనూ' అని అంత గట్టిగా పిలుస్తుంది కదా. అమ్మ వచ్చాక ఆ ఇంట్లో అలా పిలవొద్దని నానమ్మకి ఎవరు చెప్తారు?"

ఇట్లు,
నీ ఫోను కోసం కాచుకుని ఉండే,
అక్షయ నాన్న
జయప్రకాష్