కొబ్బరిచిప్పలో పాలు

అపియా,
1971 జూలై 19

పాగోపాగోలో ఉన్న మా అక్క లెయితుకు దేవుడి దయా, చెల్లెలు ఫువటినో ప్రేమా చేరాలి.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నేను చదివింది పాస్టరుగారి బడిలో నాలుగేళ్ళే. పైగా పడుకుని రాస్తున్నాను. లేచి కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

పదిరోజుల కిందట పొట్ట కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. మత్తు దిగేసరికి మా ఆయన అక్క పాలేపా పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆమెకు పిల్లలు లేరు. మన ఆచారంలో తోడబుట్టిన ఆడది అడిగితే మగవాడు కాదనలేడు కదా. "పొట్ట కోసినదానికి పాలెక్కడ పడతాయే? దీన్ని నాకిచ్చెయ్యి, డబ్బా పాలతో పెంచుకుంటా" అంది. మా ఆయన గోడకేసి చూశాడు.

నేను మాత్రం ఇవ్వకూడదనుకున్నాను. పిల్లను పొట్ట మీద పెట్టుకోలేనంటే, నర్సమ్మ పక్కన చాప చుట్టి పెట్టి, కాళ్ళు వెనక్కి వచ్చేలా చంకలో పట్టుకోవడం నేర్పింది. గంటగంటకూ పట్టాను. చీకితే నొప్పి కుట్లదాకా పాకేది. పళ్ళు బిగబట్టాను. వచ్చినవి పసుపుపచ్చని ముర్రుపాలు, నాలుగు చుక్కలు.

మూడోరోజు వదిన, తనను పెంచిన నాయనమ్మ చేసే పరీక్ష చెయ్యాలంది. కొబ్బరిచిప్పలో తల్లి పాలు పిండి, అందులో కాలిన రాయి వెయ్యాలి. విరిగితే విషం, పిల్ల తనది. "విరగకపోతే ఇంకెప్పుడూ అడగకు వదినా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్తగారు చిప్ప పట్టి నా పాలు పిండుకుని, ఆసుపత్రి వెనక వంటపాకకు తీసుకెళ్ళారు. వదిన అక్కడ రాయి కాల్చి ఉంచింది. రాయి సుయ్యిమందట. పాలు విరగలేదు.

వదిన వచ్చి, "పిట్టంత మనిషివి, ఎక్కడ దాచావే ఇన్ని పాలు?" అని పిల్లను నా పక్కలో పడుకోబెట్టి వెళ్ళిపోయింది. అత్తగారు రోజూ లేతకొబ్బరి జావ తాగిస్తున్నారు. ఇప్పుడు పాలకు గుడ్డలు తడిసిపోతున్నాయి.

నీ చెల్లెలు,
ఫువటినో

మరో మాట. ఆ చిప్పలోవి నా పాలు కావక్కా. అత్తగారు నావి దారిలో పారబోసి, వార్డు ఊడ్చే ఆమె దగ్గర పాలు పిండించుకుని పట్టుకెళ్ళారు. ఆమెకు ఏడాది పిల్లాడు. ఎందుకిలా చేశారని అడిగాను. "ముర్రుపాలు ఎవరివైనా వేడికి విరుగుతాయే పిచ్చిదానా. నాకప్పుడు తెలీలేదు. మా అత్త నా పాలు విరగ్గొట్టి చూపించి, నా తొలిచూలు పిల్లను పట్టుకుపోయింది" అన్నారు. ఆ పిల్ల పాలేపా వదినే. తల్లి పాలు విషమని చెప్పి పెంచారట పాపం. నిజం ఆమెకు అత్తగారి నోటే తెలియాలి, మన నోట కాదు. ఇది చదవగానే పొయ్యిలో పెట్టెయ్యి అక్కా.