ఇస్సమ్మ తీసిన సినిమా

చిలకలూరిపేట,
12 ఆగస్టు 2006

అమ్మా మెహర్,

నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇసోబెల్ దొరసాని పోయిందనీ, గుంటూరులో సభ పెట్టి ఆమె మన మిరప కళ్ళాల్లో తీసిన సినిమా వేస్తున్నాననీ, నన్ను మాట్లాడమనీ రాశావు. నేను రాను, మాట్లాడను.

ఆమె గొప్పది కాదనను. స్కాట్లండులో ఓ చేపల రేవులో పుట్టింది. తండ్రి చర్చిలో ఉపదేశాలు దంచేవాడు. చేపలు కోసే ఆడవాళ్ళ మధ్య పెరిగి, అరువు కెమెరాతో వాళ్ళ మీదే మొదటి సినిమా తీసింది. లండన్ వాళ్ళు పిలిచి పెద్ద తారలతో తీయిస్తే అవి బోల్తా కొట్టాయి. మళ్ళీ చేతి కెమెరా పట్టుకుని దేశాలు తిరిగింది. అలా తిరుగుతూనే 1998లో మా ఇంటికొచ్చింది. ఆమెకు సహాయకురాలిగా ఉండి, వెంటబెట్టుకొచ్చింది నువ్వే. ఇస్సమ్మ అని పేరు పెట్టింది మా ఆవిడ వెంకటరావమ్మ.

ఆ వేసవి సాయంత్రాలు ఎంత మాట్లాడాను! పత్తి రైతుల చావుల గురించి, నేను చదివిన పుస్తకాల గురించి, అంతా ఇంగ్లీషులో కుమ్మరించాను. ఊళ్ళో నా మాట ఎవడూ వినడు. సాహిత్య సభల్లో ఆ మహానుభావులు మైకు నా దాకా రానివ్వరు. ఈమె వింది. తీరా పేటలో సినిమా వేస్తే ఏముంది? వెంకటరావమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది. నా ముఖం మచ్చుకైనా లేదు. పక్కన కూర్చున్న మా వీధి వీరబాబు, "ఏం మాష్టారూ, మీ వేషం కోసేశారా?" అన్నాడు. సగంలో లేచొచ్చాను.

వెంకటరావమ్మ ఆఖరిదాకా ఉండి వచ్చింది. "ఆ కోపం కాస్త ఆపుకుని చివర చూడాల్సింది మీరు" అంది. ఆవిడా పోయి మూడేళ్ళవుతోంది.

అవమానించినవాళ్ళను చచ్చాక పొగడడం నాకు చేతకాదు.

నీ మాష్టారు,
చెంచయ్య


చిలకలూరిపేట,
28 ఆగస్టు 2006

మెహర్ తల్లీ,

రానన్నవాణ్ణి వెనక వరసలో చూసి నవ్వావు. దొరసాని కోసం రాలేదమ్మా. ఇంట్లో వెంకటరావమ్మ ఫోటోలన్నీ బిగుసుకుని నిలబడ్డవే. కదులుతుంటే చూద్దామని వచ్చాను.

చివర్లో నా గొంతు వినపడేసరికి ఉలిక్కిపడ్డాను. నా ఇంగ్లీషే. తెర మీద మాత్రం మా ఇంటి నడవాలో ఆవిడ. చేతులు ఆపి, తల కాస్త వంచి వింటోంది. ఒక్క ముక్క అర్థం కాని భాష. అయినా నేను గొంతు పెంచినచోట కనుబొమలు ఎత్తింది. నేను దగ్గితే మంచినీళ్ళ చెంబు కోసం చూసింది.

"మాట్లాడేవాళ్ళని అందరూ తీస్తారు, నేను వినేవాళ్ళని తీస్తాను అనేవారు మేడమ్. వాళ్ళ నాన్న ఉపదేశం చెబుతుంటే వాళ్ళమ్మ ముఖం చూస్తూ పెరిగారట" అని సభలో నువ్వు చెప్పావు. నా మాట వినే నాథుడు లేడని జీవితమంతా ఊరిని తిట్టుకుంటూ గడిపాను. నడవాలో కూర్చున్న మనిషి వైపు తిరగలేదు.

ఒక్క సాయం చెయ్యి. ఆఖర్న ఆవిడ కెమెరా వైపు తిరిగి ఏదో అని నవ్వుతుంది. నా ఉపన్యాసం అడ్డొచ్చి ఏమందో వినపడలేదు. మీ కంప్యూటరు వాళ్ళ చేత అక్కడ నా గొంతు తీయించి పంపు, తల్లీ. మొత్తం తీసేసినా ఫరవాలేదు.

చెంచయ్య